గెలాక్సీ రాయి ఫోటోలో చుక్కలన్నీ ఉన్నాయి, త్రీడీ మోడల్ మీద వేస్తే మాయమవుతున్నాయి

గెలాక్సీ_ఒంగోలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది చీమకుర్తి. నాయన ఇరవై రెండేళ్లుగా పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తున్నాడు. నేను ఒంగోలులో ఒక గ్రానైట్ ఆఫీసులో డిజైన్ పని చూస్తాను. కొనేవాళ్లు తాము తీసుకోబోయే స్లాబ్ వంటగట్టు మీద ఎలా ఉంటుందో ఇంట్లో కూర్చునే ఫోన్‌లో తిప్పి చూసుకోవాలి, ఆ పేజీ తయారు చెయ్యమని నాకు అప్పగించారు.

గెలాక్సీ రాయి ఎరగనివాళ్ల కోసం ఒక మాట. నల్లటి రాయి, అందులో బంగారు రంగు చుక్కలు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. రామతీర్థం వైపు క్వారీలో బ్లాకు కోసి పక్కన పెట్టినప్పుడు పొడిగా, బూడిద రంగులో ఉంటుంది. చూసినా ఏమీ తెలియదు. దాని మీద బకెట్ నీళ్లు కుమ్మరిస్తే అప్పుడు లేస్తాయి చుక్కలు. బేరం మాట్లాడేది వాటిని చూసే. చుక్క ఎంత సైజు, ఎంత ఒత్తుగా ఉంది, ఈ మూల నుంచి ఆ మూల దాకా సమంగా ఉందా, ఎక్కడన్నా తెల్ల గీత పోయిందా. చుక్క కనపడకపోతే మా రాయికీ మామూలు నల్ల రాయికీ తేడా ఏముంది?

స్లాబ్ 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల ఎత్తు. స్టాండుకి ఆనించి, ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీసి అతికించాను. మొత్తం బొమ్మ 24,000 × 14,400 పిక్సెళ్లు, అంటే మిల్లీమీటరుకి 8. రెండు మిల్లీమీటర్ల చుక్క 16 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. జూమ్ చేస్తే చుక్క మధ్యలో పసుపు, అంచుకి పోయేకొద్దీ రాగి రంగు, అంత స్పష్టంగా ఉంది. ఆ ఫోటో తియ్యడానికి నాకు మూడు రోజులు పట్టింది.

దాన్ని 4096 వెడల్పుకి తగ్గించి, జేపెగ్ చేసి, త్రీడీ సాఫ్ట్‌వేర్ అయిన బ్లెండర్‌లో ఎల్ ఆకారం వంటగట్టుకి అంటించాను. జీఎల్‌బీ అనే త్రీడీ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, బ్రౌజర్‌లో త్రీడీ చూపించే త్రీ జేఎస్ లైబ్రరీతో చేసిన పేజీలో పెట్టాను. ఫోన్‌లో తెరిస్తే నల్ల గట్టు మీద సిమెంటు దుమ్ము పడ్డట్టుంది. దగ్గరికి లాగితే మసక. దూరం నుంచి చూస్తే బూడిద. గట్టు అవతలి చివర అయితే తడిగుడ్డతో అలికినట్టే. ఒకాయన చూసి, "ఇది గెలాక్సీయేనా?" అని అడిగాడు. ఇంటికెళ్లి నాయనకి చూపిస్తే, "ఏందమ్మా ఇది, మన రాయి కాదే" అన్నాడు. ఆ మాటకి రాత్రి నిద్ర పట్టలేదు.

నేను చేసి చూసినవి: 8192 సైజు పెడితే దగ్గరి చూపు కాస్త మెరుగైంది, దూరం చూపులో ఏ మార్పూ లేదు, పాత ఫోన్‌లో పేజీ ఆగిపోయింది. ఫోటోని బాగా షార్ప్ చేసి పెడితే, గట్టుని తిప్పేటప్పుడు చుక్కలన్నీ మిణుకు మిణుకుమంటూ చీమలు పాకినట్టు కదులుతున్నాయి.

ఇంత మంచి ఫోటోలో ఉన్న వివరం ఏ మెట్టు దగ్గర పోతోంది? దయచేసి చెప్పండి.

రెండర్_కావలి

కావలి వాణ్ణి, ఇప్పుడు హైదరాబాద్‌లో గేమ్స్‌కి టెక్స్చర్ (మోడల్ మీద అంటించే బొమ్మ) పని చేస్తున్నా. మీ ప్రశ్న చదివి సంతోషం వేసింది, ఎందుకంటే కొలతలు ఇచ్చారు. చాలామంది "క్వాలిటీ పోతోంది" అని వదిలేస్తారు.

మీ వివరం ఒక్కచోట పోలేదు, నాలుగైదు చోట్ల కొంచెం కొంచెం పోయింది. వరసగా చెప్తా.

మొదటిది, మీరే చిన్నది చేసిన చోట. 24,000ని 4096 చేస్తే పక్కకి దాదాపు ఆరు పిక్సెళ్లు ఒకటవుతాయి. పక్కకి ఆరు, కిందకి ఆరు, మొత్తం 34, 35 పిక్సెళ్లు కలిసి ఒక్కటి. మిల్లీమీటరుకి 8 ఉన్నది 1.37కి పడిపోయింది. రెండు మిల్లీమీటర్ల చుక్కకి రెండున్నర పిక్సెళ్లు మిగిలాయి. మిల్లీమీటరు చుక్కకి ఒకటే. అది సైజు నష్టం, తెలిసిందే. తెలియని నష్టం ఇంకోటుంది. మీ ఎడిటర్ సగటు ఎలా కట్టింది?

నాలుగు పిక్సెళ్లు తీసుకోండి. ఒకటి మెరిసే చుక్క, విలువ 255. మూడు నలుపు, సున్నా. ఈ అంకెల్ని మామూలుగా సగటు చేస్తే 64 వస్తుంది. కానీ ఫోటోలో దాచిన అంకె వెలుగు కొలత కాదు, మన కంటికి అనువుగా వంచిన కొలత. నిజం వెలుగు లెక్కన నాలుగింట ఒక వంతు వెలుగు మిగలాలి, దాన్ని మళ్లీ ఫోటో అంకెలోకి మారిస్తే 137. 64 అంటే నిజం వెలుగులో ఇరవయ్యో వంతే. అంటే మీ చుక్క వెలుగు ఒక్క దెబ్బకి ఐదో వంతుకి పడిపోయింది. తెల్ల గోడ ఫోటోకి ఇది పెద్దగా తెలియదు. నలుపు మీద మెరిసే చుక్కలున్న మీ రాయికి మాత్రం ఇదే ప్రాణం తీసేది. ఫోటోని ముందు 16 లేదా 32 బిట్ లీనియర్‌కి, అంటే ఆ నిజం వెలుగు లెక్కకి మార్చి, అప్పుడు చిన్నది చెయ్యండి, తర్వాత వెనక్కి మార్చండి. ఈ ఒక్క పనికే చుక్కలు లేస్తాయి.

రెండోది, ఫోన్‌లో పేజీ అసలు ఎన్ని పిక్సెళ్లలో గీస్తోంది? త్రీ జేఎస్‌లో పిక్సెల్ రేషియో మనం చెప్పకపోతే 1. మీ ఫోన్ స్క్రీన్ 1080 వెడల్పు అయినా, బ్రౌజర్ లెక్కలో అది 360. మీ గట్టు 360 పిక్సెళ్లలో గీసి, మూడింతలు సాగదీసి చూపిస్తోంది. మీరు చెప్పిన మసకలో పెద్ద వాటా దీనిదే అని నా నమ్మకం. 2 పెట్టండి. 3 పెడితే ఫోన్ వేడెక్కుతుంది.

మూడోది, అవతలి చివర అలికినట్టుంది అన్నారే, అది అనైసోట్రోపీ, అంటే ఏటవాలు చూపులో వివరం నిలబెట్టే సెట్టింగు, తక్కువైనందుకు. టెక్స్చర్‌కి సగం సగం చేసిన చిన్న కాపీలు వరసగా ఉంటాయి, మిప్‌మ్యాప్‌లు అంటాం. 4096కి అలాంటివి అసలుతో కలిపి 13. గట్టుని ఏటవాలుగా చూసినప్పుడు లోతు వైపు ఎక్కువ నొక్కుకుపోతుంది, అడ్డం వైపు అంత నొక్కుకుపోదు. ఫోన్‌లో బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు ఆ ఎక్కువ నొక్కుకున్న వైపుకి సరిపోయే చిన్న కాపీ తీసుకుంటుంది, దాంతో అడ్డం వైపు కూడా మసక. త్రీ జేఎస్‌లో ఈ విలువా డిఫాల్ట్‌గా 1. పరికరం ఎంత ఇస్తే అంత అడగండి, చాలా వాటిలో 16 ఉంటుంది. వంటగట్టు ఎప్పుడూ ఏటవాలుగానే చూస్తాం కాబట్టి మీకిది తప్పనిసరి.

ఈ మూడూ చేసి ఫలితం చెప్పండి. కంప్రెషన్ సంగతి తర్వాత చూద్దాం.

నెల్లూరు_ఇంటీరియర్

నాది ఇంటీరియర్ రెండరింగ్ పని, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఆఫీసు. ఇంత శ్రమ ఎందుకమ్మా? స్లాబ్ మొత్తం ఫోటో వదిలెయ్యి. అర మీటరు ముక్క తీసుకుని అతుకు కనపడకుండా పక్కపక్కన పరిచి టైల్ చెయ్యి, 2048లో మిల్లీమీటరుకి నాలుగు పిక్సెళ్లు వచ్చేస్తాయి. దాని మీద బ్లెండర్‌లో నమూనా పుట్టించే వొరొనాయ్ నోడ్‌తో చుక్కలు చల్లు. ఫైలు చిన్నది, ఫోన్‌లో పరిగెత్తుతుంది. నేను ఎన్ని వంటగదులు చేశానో, ఒక్క క్లయింటూ అడగలేదు.

గెలాక్సీ_ఒంగోలు

రెండర్_కావలి గారూ, రెండు చేతులా దండం. పిక్సెల్ రేషియో 1లోనే ఉంది! దాన్ని 2 చేసి, అనైసోట్రోపీ పెంచగానే గట్టు అవతలి అంచు దాకా రాయి రాయిలా కనపడింది. ఫోటోని లీనియర్‌లో చిన్నది చేస్తున్నాను, కంప్యూటర్ నెమ్మది, రాత్రికి అవుతుంది.

నెల్లూరు అన్నా, మీరు చెప్పింది ఇంటి డిజైన్‌కి నూటికి నూరుపాళ్లు సరైన దారి. నా పని వేరే. కొనేవాడు ఈ నంబరు స్లాబ్ చూసి డబ్బు కడతాడు. లారీ వచ్చి దింపినప్పుడు అదే స్లాబ్ కనపడాలి. కుడి పక్క చుక్కలు పల్చగా ఉంటే మోడల్‌లోనూ పల్చగా ఉండాలి. టైల్ చేస్తే ఆ లోపం దాచినట్టే, చుక్కలు చల్లితే లేని అందం అమ్మినట్టే. ఆ రాయిలో లేని చుక్క ఒక్కటి కూడా నేను పెట్టను. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

నెల్లూరు_ఇంటీరియర్

అమ్మే స్లాబ్ అదే అని నాకు తట్టలేదమ్మా. అయితే నువ్వు చెప్పిందే కరెక్టు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

కనిగిరి_కెమెరా

నేను రిటైర్డ్ టీచర్ని. సెలవుల్లో భైరవకోన వెళ్లి, కొండని తొలిచిన ఆ ఎనిమిది గుహాలయాల శిల్పాల్ని ఫోటోల నుంచి త్రీడీ చెయ్యడం నా ఇష్టం. ద్వారపాలకుడి బొమ్మ మీద ఉలి గాట్లు నిలబెట్టడానికి నేను పడ్డ పాట్లు మీకు పనికొస్తాయని రాస్తున్నాను.

మీరు స్లాబ్ మొత్తం ఫోటోని మోడల్‌కి అంటించారు కదా తల్లీ. గట్టుకి వాడే భాగం ఎంత? మిగతా రాయి ఫోటోలో ఉండి, పిక్సెళ్లు తింటూ కూర్చుంది. అందులో గట్టుకి పడే ముక్కల్ని మాత్రమే కోసుకోండి. రాతిని కోసినట్టే ఫోటోనీ కొయ్యాలి. నేను శిల్పాన్ని తల, మొండెం, కాళ్లుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో టెక్స్చర్ ఇచ్చాను. ఒకే పెద్ద బొమ్మ కన్నా మూడు చిన్నవి ఫోన్‌కి తేలిక, 4096 దాటకుండా ఉంటే పాత ఫోన్లూ తీసుకుంటాయి.

కోసేటప్పుడు ప్రతి ముక్కా టెక్స్చర్‌లో ఒకే కొలతలో ఉందో లేదో గళ్ల బొమ్మ వేసి చూసుకోండి. గళ్లన్నీ మోడల్ మీద ఒకే సైజు చదరాలుగా రావాలి. ఎక్కడన్నా గడి పొడవుగా సాగితే అక్కడ మీ చుక్కా సాగుతుంది. ముక్కల చుట్టూ 16 పిక్సెళ్ల మేర అదే రంగు పొడిగించండి. ఖాళీగా వదిలితే, చిన్న మిప్ కాపీల్లో ఆ ఖాళీ రంగు లోపలికి పాకి అతుకు దగ్గర గీత పడుతుంది. నా ద్వారపాలకుడికి మెడ చుట్టూ తెల్లటి దారం కట్టినట్టు వచ్చింది, ఎందుకో కనుక్కోవడానికి నాకు వారం పట్టింది.

జేపెగ్ సంగతి కూడా చెప్పాలి. మామూలు సెట్టింగులో జేపెగ్ వెలుగుని ప్రతి పిక్సెల్‌కీ ఉంచుతుంది గానీ రంగుని అడ్డంగా సగం, నిలువుగా సగం చేస్తుంది. నాలుగు పిక్సెళ్లకి ఒకే రంగు. నా గుహ రాయి అంతా ఒకటే రంగు, నాకు నష్టం లేదు. మీ బంగారు చుక్క రెండు పిక్సెళ్లే అయితే దాని పసుపు పక్కనున్న నలుపులో కలిసిపోతుంది. మీరు చెప్పిన సిమెంటు రంగుకి ఇదీ ఒక కారణమే. చివరి మెట్టు దాకా ఏదీ పోగొట్టని పీఎన్‌జీలో ఉంచండి.

రెండర్_కావలి

మాస్టారు చెప్పినవన్నీ చెయ్యండి. పీఎన్‌జీ మీ కంప్యూటర్లో దాచుకోవడానికే, ఫోన్‌కి అదే పంపితే మెమరీ నిండిపోతుంది. జేపెగ్ అయినా పీఎన్‌జీ అయినా కార్డులోకి వెళ్లాక విప్పుకుని పిక్సెల్‌కి 4 బైట్లు తింటుంది. 8192 × 8192 అయితే 256 ఎంబీ, మిప్‌లతో కలిపి 341. మీ పాత ఫోన్ ఆగిపోయింది అందుకే అయ్యుండాలి. టెక్స్చర్లని నొక్కి దాచే కేటీఎక్స్2 అనే రకం ఫైలు చేసి, అందులో యూఏఎస్‌టీసీ రకం ఎంచుకోండి. కార్డులోనూ నొక్కి పెట్టినట్టే ఉంటుంది, పిక్సెల్‌కి ఒక్క బైటు. ఇంకా చిన్నదైన ఈటీసీ1ఎస్ రకం ఉంది, మీరు దాని జోలికి పోవద్దు. ఇలాంటివన్నీ 4 × 4 పిక్సెళ్ల గడిని ఒక యూనిట్‌గా తీసుకుని, కొద్ది రంగులతో సర్దుతాయి. ఒకే గడిలో నలుపు, బంగారం, రాగి మూడూ పడితే తక్కువ రకం వాటిని కలిపేస్తుంది.

ఇంక దూరం చూపు. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. 2.4 మీటర్ల గట్టు మొత్తం 720 పిక్సెళ్లలో కనపడుతుంటే మిల్లీమీటరుకి 0.3 పిక్సెల్. రెండు మిల్లీమీటర్ల చుక్క ఒక పిక్సెల్ కూడా కాదు. ఎంత పెద్ద టెక్స్చర్ తెచ్చినా అక్కడ విడివిడి చుక్క రాదు. మీరు షార్ప్ చేసినప్పుడు చీమలు పాకినట్టు కనపడింది ఇందుకే: పిక్సెల్‌లో పట్టని దాన్ని బలవంతంగా పట్టించారు, కదిలినప్పుడల్లా అది ఒకసారి దొరుకుతోంది, ఒకసారి జారిపోతోంది.

దూరంలో నిలబెట్టగలిగేది చుక్కల వాటా. చెట్ల ఆకులకి మేం చేసే పని ఒకటుంది. ఆకుల బొమ్మని చిన్నది చేస్తూ పోతే చెట్టు బోడిగా అయిపోతుంది, అందుకని ప్రతి మిప్ కాపీలోనూ ఆకు ఉన్న వైశాల్యం మొదటి కాపీలో ఎంతో అంతే ఉండేలా సరిచేస్తాం. మీరు ఫోటో నుంచే చుక్కల మాస్క్ తియ్యండి, పసుపు ఉన్నచోట తెలుపు, లేనిచోట నలుపు. ప్రతి కాపీలో మాస్క్‌ని అదే వాటాకి తెచ్చి, చుక్క రంగు దాని ప్రకారం కలపండి. మొదటి రెండు మూడు కాపీలకి చేస్తే చాలు, ఆ తర్వాతవి మామూలు సగటుకి వదిలెయ్యండి, లేకపోతే మళ్లీ మిణుకుమంటుంది. కేటీఎక్స్2లో మిప్ కాపీలు మనవి మనమే పెట్టుకోవచ్చు. కొత్త చుక్క పుట్టదు, ఉన్నవి చావవు. మీ మాటకి భంగం లేదు.

గెలాక్సీ_ఒంగోలు

నాలుగు రోజులు పట్టింది. ఏం చేశానో రాస్తాను, రేపు ఇంకెవరైనా ఇదే ఇబ్బంది పడితే పనికొస్తుంది.

గట్టు లోతు 600 మిల్లీమీటర్లు. పొడుగు చెయ్యి 2400, దాన్ని 1200 చొప్పున రెండు ముక్కలు చేశాను. పొట్టి చెయ్యి మూల పోగా 900. ఒక్కో ముక్కకి 4096 × 2048 టెక్స్చర్. మిల్లీమీటరుకి 3.41 పిక్సెళ్లు వచ్చాయి, ఇంతకుముందు 1.37. మూడు ముక్కల్నీ ఫోటోలో ఎక్కడెక్కడ కొయ్యాలో మా కటింగ్ మేస్త్రీని అడిగి గీయించుకున్నాను. ఆయన నిజంగా కోసేటప్పుడు ఎలా కోస్తాడో అలాగే, బ్లేడు మందం వదిలి. మూడూ కలిపి కార్డులో 24 ఎంబీ, మిప్‌లతో 32. పాత ఫోన్‌లోనూ తిరుగుతోంది. డౌన్‌లోడ్ మాత్రం జేపెగ్ కన్నా పెరిగింది, దానికి ముందు చిన్న బొమ్మ చూపించి వెనకాల పెద్దది తెచ్చుకునేలా పెట్టాను.

లీనియర్‌లో చిన్నది చేసిన ఫోటోని, పాతదాన్ని పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటే స్లాబ్ అంటే నమ్మబుద్ధి కాలేదు. పాతదాంట్లో చిన్న చుక్కలు అసలు లేవు, పెద్దవి తుప్పు రంగులో ఉన్నాయి. కొత్తదాంట్లో చిటికెడు పసుపు చల్లినట్టు చిన్నవన్నీ ఉన్నాయి.

ఫోన్ నాయన చేతికిచ్చాను. ఏమీ చెప్పలేదు. వేళ్లతో లాగి దగ్గరికి తెచ్చి, కొంచెం తిప్పి, ఎడమ చివర ఒకచోట ఆగాడు. అక్కడ మూడు పెద్ద చుక్కలు ఒకే వరసలో ఉంటాయి. "ఇది పోయిన నెల మా లైన్ మీద పోయిన స్లాబే కదమ్మా. ఇక్కడ పాలిష్ ఒక పట్టాన ఎక్కలేదు" అన్నాడు. తర్వాత వేళ్లు దగ్గరికి తెచ్చి దూరం చేశాడు. "దూరం నుంచి రాయి ఇట్టాగే ఉంటది, నల్లగా, లోపల ఏదో ఉన్నట్టు."

మిగిలింది ఒక్క సమస్య. పొట్టి చెయ్యి టెక్స్చర్‌లో 1024 పిక్సెళ్ల వెడల్పు ఖాళీ మిగిలింది, అందులో ముందు అంచుకి పట్టీలు పెట్టాను. స్లాబ్ ఇంకా కొయ్యలేదు కాబట్టి అంచు ఫోటో లేదు. అదే బ్లాకులోంచి వచ్చిన ఇంకో ముక్కకి ఫుల్ రౌండ్ మోల్డింగ్ చేయించి తీశాను. ఆ సంగతి పేజీలో రాసి పెట్టాను కూడా. స్లాబ్ మందం 20 మిల్లీమీటర్లు, పట్టీ వెడల్పు కూడా 20కే ఇచ్చాను. కానీ అంచు మీద చుక్కలు నిలువుగా సాగి బియ్యపు గింజల్లా కనపడుతున్నాయి. గళ్ల బొమ్మ వేసినా అక్కడ గడి పొడుగ్గానే ఉంది.

కనిగిరి_కెమెరా

అంచు గుండ్రం కదా తల్లీ. 20 మందానికి అది సగం వృత్తం, వ్యాసార్థం 10. చుట్టుకొలతలో సగం 31.4 మిల్లీమీటర్లు. మీరు 20కి సరిపోయే పట్టీ ఇస్తే అది ఒకటిన్నర రెట్లకి పైగా సాగుతుంది. గుండ్రాన్ని బల్లపరుపుగా విప్పినప్పుడు ఎంత వెడల్పు వస్తుందో అంత ఇవ్వాలి.

31.4 అంటే మీ కొలతలో 107 పిక్సెళ్లు. రెండు పక్కలా 16 చొప్పున పొడిగింపు కలిపితే 139. మీ 1024 వెడల్పులో అలాంటివి ఏడు పడతాయి. ఒక్కోటి 600 మిల్లీమీటర్ల పొడవు, మొత్తం 4.2 మీటర్లు. మీ ఎల్‌లో లోపలి అంచులు 1.8, 0.9, రెండు కొసలు 0.6 చొప్పున. లెక్క వేస్తే 3.9. సరిపోతుంది. ఫోటో కూడా వంపు వెంట మూడు కోణాల్లో తీసి కలపండి. ఎదురుగా ఒక్కటే తీస్తే పైనా కిందా చుక్కలు నొక్కుకుపోయి వస్తాయి.

గెలాక్సీ_ఒంగోలు

మాస్టారూ, ఎదురుగా ఒక్కటే తీశాను. మోల్డింగ్ ముక్క ఇంకా యూనిట్‌లోనే ఉంది, రేపు పొద్దున్నే షిఫ్టు మొదలవకముందే వెళ్లి మూడు కోణాల్లో తీస్తాను. నాయన ముక్క పట్టుకుని తిప్పుతానన్నాడు.